నాలుగు సెకన్లలో వినిపించిన పిల్ల

ఆ చుట్టుపక్కల వీధుల్లో ఆవిడ దగ్గర లెక్కలు నేర్చుకున్న మనిషి లేని ఇల్లు భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఒకే బడిలో, ఒకే గదిలో, ఒకే నల్లబల్ల ముందు నిలబడి లెక్కలు చెప్పింది. పిల్లలు ఆవిడకి ఎక్స్‌ప్రెస్ టీచరమ్మ అని పేరు పెట్టారు. తక్కిన టీచర్లు పుస్తకంలో ఆఖరి పాఠానికి పరీక్షల ముందురోజు రొప్పుకుంటూ చేరుకుంటే, ఆవిడ రెండు నెలల ముందే అక్కడికి చేరి, వెనక్కి తిరిగి తక్కినవాళ్లు ఎక్కడున్నారో చూసేది. ఆవిడ తరగతిలో లెక్కల్లో తప్పిన పిల్ల లేదు. ఆ మాట ఆవిడే అందరికీ చెప్పేది కాబట్టి ఎవరూ మరిచిపోయే వీలు కూడా లేదు.

ఆ వేగానికి కిటుకు ఒకటే. ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగకపోవడం. "రెండు సరి సంఖ్యలు కలిపితే వచ్చేది సరి..." అని ఆవిడ గాలి పీల్చుకునేలోగా తరగతి మొత్తం "సంఖ్యే" అని గోడలదిరేలా అరిచేది. అలా అరిచినవాళ్లలో ఎంతమంది తెలిసి అరిచారో, ఎంతమంది పక్కవాళ్ల నోరు చూసి అరిచారో ఆవిడ పట్టించుకోలేదు. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో ఎవరూ పట్టించుకోలేదు. మార్కులొచ్చాయి, పిల్లలు గట్టెక్కారు, తల్లిదండ్రులు దణ్ణాలు పెట్టారు.

ఇంట్లోనూ ఇదే వరస. భర్త పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన నెమ్మదైన మనిషి. ఆయన "రేపు కరెంటు..." అంటే ఆవిడ "పోతుందట, పేపర్లో చూశాను" అనేది. "నా కళ్లజోడు..." అంటే "మీ నెత్తి మీదే ఉంది" అనేది. పెళ్లైన ఆర్నెల్లకే ఆయన క్రియాపదాలు వాడడం మానేశాడు. ఎలాగూ ఆవిడ పూర్తిచేస్తుంది, ఊరికే ఊపిరి ఖర్చెందుకని.

అలాంటి మనిషికి వినే ఉద్యోగం దొరకడమే ఒక వింత. బడి నుంచి రిటైరై ఇంట్లో ఊపిరాడక కొట్టుకుంటున్న రోజుల్లో, కాలేజీలో పరిశోధన చేసే ఒకావిడ కబురు పెట్టింది. అందరూ ఆవిణ్ణి డాక్టరమ్మ అంటారు గానీ జ్వరానికి మందిచ్చే డాక్టరు కాదు. "ఇది నిజం" అని అప్పజెప్పే పిల్ల "ఇది ఎందుకు నిజం" అని చెప్పే దాకా ఎలా వస్తుంది, అక్కడిదాకా పిల్లల్ని తీసుకురావడం టీచర్లు ఎలా నేర్చుకుంటారు అన్న విషయం మీద పదేళ్లుగా జుట్టు పీక్కుంటున్న మనిషి. ఇరవై ఆరు బడుల్లో నూట పన్నెండు లెక్కల పాఠాలు రికార్డు చేయించింది. వాటిని విని ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టడానికి లెక్కలు తెలిసిన మనిషి కావాలి. పక్కవాళ్ల పాఠాల్లో తప్పులు పట్టే పని అనుకుని టీచరమ్మ ఎగిరి గంతేసి ఒప్పుకుంది.

కాలేజీ వెనకవైపు కింది అంతస్తులో ఒక చిన్న గది. బయటి చప్పుడు రాకుండా గోడలకి మందపాటి గుడ్డ కొట్టారు, కిటికీకి చెక్క బిగించారు. ఒక బల్ల, ఒక కంప్యూటరు, చెవుల దగ్గర తోలు ఊడిపోయిన హెడ్‌ఫోన్, రికార్డింగు ఆపడానికీ వెనక్కి తిప్పడానికీ కాలి కింద ఒక పెడల్. తెర మీద శబ్దం ఒక పచ్చటి గీతలా పాకుతూ ఉంటుంది. ఎవరైనా మాట్లాడితే ఆ గీత పైకీ కిందకీ కొట్టుకుంటుంది, ఎవరూ మాట్లాడకపోతే చదునుగా సాగుతుంది. ఎదురుగా గోడ మీద డాక్టరమ్మ అతికించిన నియమాల కాగితం. విన్నదే రాయాలి. తప్పు మాట్లాడితే తప్పే రాయాలి. సగంలో ఆగిన వాక్యాన్ని సగంలోనే వదిలేయాలి. ఎవరు మాట్లాడారో తెలియకపోతే "గు.వి." అని రాయాలి, అంటే గుర్తు తెలియని విద్యార్థి. నిశ్శబ్దం వస్తే ఎన్ని సెకన్లో లెక్కపెట్టి రాయాలి. ప్రతి పాఠం చివర "నేను విన్నదే రాశాను" అని సంతకం చేయాలి.

మొదటి నెల ఆవిడ రాసిన కాగితాలన్నీ ఎర్ర గీతలతో వెనక్కి వచ్చాయి. పిల్లాడు "ఎందుకంటే అది పెద్దది..." అని నీళ్లు నమిలితే ఈవిడ "ఎందుకంటే అది పెద్దది కాబట్టి దాని వర్గం కూడా పెద్దది" అని నిండు వాక్యం రాసి పెట్టింది. వాడి మనసులో ఉన్నది అదేనండీ అని వాదించింది. మనసులో ఉన్నది మనకక్కర్లేదు, నోట్లోంచి వచ్చినదే కావాలి అంది డాక్టరమ్మ. టీచరమ్మకి పౌరుషం వచ్చింది. అరవై ఏళ్ల వయసులో ఎర్ర గీతలు తిన్నందుకు రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు నుంచి చెవులు రిక్కించి, పంటి బిగువున తన మాట ఆపుకుని, విన్నది విన్నట్టే రాయడం నేర్చుకుంది. రెండో నెలకి ఎర్ర గీతలు పోయాయి.

ఆ పిల్ల మొదట వినిపించింది మూడో నెలలో.

ఎక్కడో ఒక బడిలో ఒక యువ టీచరు పాఠం. రెండు బేసి సంఖ్యలు కలిపితే సరి సంఖ్యే ఎందుకొస్తుందని అడిగి, శిక్షణలో చెప్పారు కాబట్టి బలవంతాన నాలుగు సెకన్లు ఆగింది. మూడో సెకనులో, ఫ్యాను చప్పుడు కిందనుంచి, సన్నగా ఒక ఆడపిల్ల గొంతు వచ్చింది. "ఒక్కోదాంట్లో ఒకటి జత లేకుండా మిగిలిపోతుంది కదా. ఆ మిగిలినవి రెండూ ఒకదానికొకటి జత." అంతే. తర్వాత ఆ టీచరు ఏమీ విననట్టు, "ఎవరూ చెప్పరా, సరే నేనే చెప్తా" అని పాఠం సాగించింది.

టీచరమ్మ పెడల్ తొక్కి మళ్లీ విన్నది. ఎంత ముద్దుగా చెప్పింది అనుకుంది. "గు.వి." అని పెట్టి ఆ మాటలు రాసింది. ఆ టీచరు మీద ఒళ్లు మండింది కూడా. ఇంత చక్కగా చెప్పిన పిల్లని ఒక్క మాట మెచ్చుకోదేం, చెవుల్లో దూది పెట్టుకుందా అని.

రెండు వారాల తర్వాత ఇంకో బడి, ఇంకో టీచరు. సున్నాతో ఎందుకు భాగించకూడదన్నది ప్రశ్న. నాలుగు సెకన్ల నిశ్శబ్దంలో అదే గొంతు. "సున్నా సున్నా చొప్పున తీస్తూ పోతే ఎప్పటికీ అయిపోదు కదా." ఈ టీచరు కూడా పట్టించుకోలేదు. పిల్లల గొంతులు ఒకేలా ఉంటాయిలే అనుకుంది టీచరమ్మ. ఆ వయసు ఆడపిల్లలంతా ఒకే గొంతుతో మాట్లాడతారు, అందులో వింతేముంది.

అయితే ఆ తర్వాతది మగపిల్లల బడి.

మగపిల్లలకీ ఆ వయసులో గొంతు సన్నగానే ఉంటుందని ఆవిడ సర్దిచెప్పుకుంది. అయినా పెడల్ తొక్కి మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నది. ఆ బడిలో త్రిభుజం కోణాల గురించి ఆ గొంతు "మూడు మూలలూ చింపి పక్కపక్కన పెడితే..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. నియమం ప్రకారం సగం వాక్యాన్ని సగంలోనే వదిలేసి మూడు చుక్కలు పెట్టింది. ఆ మరుసటి రోజు తీసిన రికార్డింగు వేరే ఊరిది, తేదీ చూస్తే దానికన్నా ఐదు నెలల ముందుది. అందులో వృత్తాల పాఠం జరుగుతోంది. టీచరు ప్రశ్న అడిగి ఆగింది. "...తిన్నటి గీత అవుతుంది. దాంట్లో వంకర ఉండదు" అని పూర్తిచేసింది ఆ గొంతు.

టీచరమ్మ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, కాసేపు గోడకి కొట్టిన గుడ్డనే చూస్తూ కూర్చుంది. భయం వేసిందని ఒప్పుకోవడానికి మనసొప్పలేదు. లెక్కలు చెప్పిన మనిషి దయ్యాలకి భయపడిందంటే నలుగురూ నవ్వుతారు. వైర్లు లాగి చూసింది, చెవి డాక్టరు దగ్గరికి వెళ్లి పరీక్ష చేయించుకుంది. చెవులు నలభై ఏళ్ల మనిషివిలా ఉన్నాయన్నాడాయన. ఇంకెప్పుడైనా అయితే ఆ ముక్క ఊరంతా చాటేది. ఆ రోజు భర్తకి కూడా చెప్పలేదు.

డాక్టరమ్మకి మాత్రం ఆ "గు.వి." పంక్తులంటే పంచప్రాణాలు. ఆ గొంతు ఒకటేనని టీచరమ్మ చెప్పలేదు, కాగితం మీద గొంతు కనబడదు. డాక్టరమ్మకి కనబడింది ఏమిటంటే, టీచరు నాలుగు సెకన్లు ఆగిన చోటల్లా తరగతిలో ఎవరో ఒకరు కారణం చెబుతున్నారు, టీచర్లకే అది వినబడడం లేదు. పదేళ్లుగా వెతుకుతున్నది ఇదేనంది. ఎనిమిది నెలల్లో అలాంటివి నలభై మూడు పోగయ్యాయి. వాటి మీదే రిపోర్టులో పెద్ద అధ్యాయం నిలబడింది. ఆ రిపోర్టు పై అధికారులకి వెళితే, వచ్చే ఏడాది నుంచి టీచర్ల శిక్షణంతా దాన్ని బట్టే మారుతుంది. వేలమంది టీచర్లు ప్రశ్న అడిగి ఆగడం, ఆగి వినడం నేర్చుకుంటారు. డాక్టరమ్మ ఆ మాట చెబుతున్నప్పుడు కళ్లు తడయ్యాయి. టీచరమ్మ తలూపి, టీ చల్లారిపోతున్నా తాగడం మరిచిపోయింది.

నలభై మూడోది చివరి పాఠంలో వచ్చింది. టీచరు భిన్నాల గురించి ఏదో అడిగింది. ఆ గొంతు భిన్నాల జోలికి పోలేదు. "టీచర్, ఇది నేను పోయినసారే చెప్పబోయాను" అంది.

టీచరమ్మ పెడల్ మీద నుంచి కాలు తీసేసింది. ఆ గొంతు ఎవరిదో అప్పుడు తెలిసింది. తెలిసిందనడం కూడా సరి కాదు, ఇన్నాళ్లుగా తెలిసిన సంగతి ఇక తోసిపుచ్చడానికి వీల్లేకపోయింది.

ఇరవై మూడేళ్ల కిందటి తరగతి. గోడవైపు రెండో బెంచీ, బక్కపలచటి పిల్ల. తక్కినవాళ్లు చెయ్యెత్తుతారు, ఈ పిల్ల ఏకంగా లేచి నిలబడేది. "ఎందుకంటే టీచర్..." అని మొదలుపెట్టేది. నిదానం మనిషి, ఒక్కో మాటా వెతుక్కుని తెచ్చుకునేది. ఎక్స్‌ప్రెస్ టీచరమ్మకి అంత తీరిక ఎక్కడిది. "తర్వాత చెబుదువు గాని, కూర్చో" అనేది. ఆ తర్వాత అనేది ఒక్కనాడూ రాలేదు. పైగా ఒకరోజు నవ్వులాటకి "ఏమమ్మా ఎందుకంటే, ఇవాళేమిటి" అంది. తరగతి గొల్లున నవ్వింది. ఆ పిల్లకి ఎందుకంటే అన్నదే పేరైపోయింది. అర్ధసంవత్సరం పరీక్షల తర్వాత ఎందుకంటే లేచి నిలబడడం మానేసింది. సరిపడా మార్కులతో గట్టెక్కింది. తప్పి ఉంటే టీచరమ్మ గుర్తుపెట్టుకునేదేమో, గట్టెక్కింది కాబట్టి శుభ్రంగా మరిచిపోయింది.

నియమం ప్రకారం ప్రతి పాఠాన్నీ ఇద్దరు విడివిడిగా వినాలి. రెండో మనిషి మొదట్లోనే మానేస్తే ఆ కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. రిపోర్టు పంపే ముందు ఆ లోటు తీర్చడానికి డాక్టరమ్మ ఒకాయన్ని పెట్టుకుంది. కోర్టులో సాక్షుల వాంగ్మూలాలు టైపు చేసి రిటైరైన ఆయన. ముప్ఫై ఏళ్లు నేరాలు వింటూ కూడా కనుబొమ్మ ఎత్తని మనిషి. ఏడు వారాల్లో తన కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి చూస్తే అక్షరం తేడా లేదు, నలభై మూడు చోట్ల తప్ప. ఆ నలభై మూడు చోట్లా కోర్టాయన రాసింది "నిశ్శబ్దం, నాలుగు సెకన్లు".

ఆ శుక్రవారం మధ్యాహ్నం ముగ్గురూ గదిలో కూర్చుని, హెడ్‌ఫోన్ తీసేసి, స్పీకర్లు పెట్టుకుని విన్నారు. మొదటిది వేశారు. టీచరు ప్రశ్న అడిగింది. తెర మీద గీత చదునుగా పాకింది. ఒక్కోదాంట్లో ఒకటి జత లేకుండా మిగిలిపోతుంది కదా, అంది ఆ పిల్ల, గది నిండా, స్పష్టంగా. గీత కదల్లేదు. టీచరమ్మ ఇద్దరి మొహాలూ చూసింది. డాక్టరమ్మ ఇంకా ముందుకు వంగి వినడానికి ప్రయత్నిస్తోంది.

"ఫ్యాను తిరిగిందమ్మా. అంతే" అన్నాడు కోర్టాయన.

ఏడు వినిపించారు. ఎనిమిదోది వేయబోతుంటే చాలన్నది టీచరమ్మే.

కోర్టాయన వెళ్లాక డాక్టరమ్మ రెండు ప్రతులూ ఒకదాని మీద ఒకటి పేర్చింది. మనిషి మంచిది, అందుకే ఇంకా కష్టం. ఇద్దరి ప్రతుల్లో తేడా వస్తే మొదట విన్నవాళ్ల సంతకమే చెల్లుతుందని నియమం రాసిపెట్టుకుంది తానే. టీచరమ్మ సంతకం పెడితే నలభై మూడూ ఉంటాయి, ఎవరూ అడ్డుచెప్పరు. కొట్టేస్తే ఆ అధ్యాయం మొత్తం పోతుంది. సోమవారం సాయంత్రం రిపోర్టు వెళ్లాలి.

"మీరు విన్నారో లేదో నేను తేల్చలేను టీచర్ గారూ. అది మీకే తెలియాలి" అంది.

శనివారమంతా టీచరమ్మ ఇంట్లో ఒక కుర్చీలో కూర్చుని ఇంకో కుర్చీ వైపు చూస్తూ గడిపింది. సంతకం పెడితే, లేని మాటల్ని ఉన్నాయని వేలమంది టీచర్లకి నేర్పినట్టు. కొట్టేస్తే, మళ్లీ ఆ పిల్లని కూర్చోమన్నట్టు. ఈసారి ఒకటి కాదు, నలభై మూడు సార్లు. ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో, అసలు ఉందో లేదో. ఆ ఆలోచన వచ్చేసరికి కుర్చీలోంచి లేచింది. రెండో బెంచీ, గోడవైపు కూర్చున్న పిల్ల, ఎందుకంటే అని పిలిచేవాళ్లం, గుర్తుందా అని భర్తని అడిగింది. ఆయన పోస్టాఫీసు మనిషి, ఊళ్లో సగం చిరునామాలు ఆయన తలలోనే ఉంటాయి.

"ఆ బస్టాండు వెనక సందులో బట్టలు..." అన్నాడాయన.

ఆవిడ పూర్తి చేయలేదు. ఆయన మొహం చూస్తూ ఆగింది. ఆయన అలవాటు కొద్దీ ఆగి, ఏమీ రాకపోయేసరికి కంగారుపడి, నోరు తెరిచి మూసి, చివరికి ఎక్కడో అటక మీద నుంచి దించినట్టు ఆ క్రియాపదాన్ని దించాడు. "కుడుతుంది" అన్నాడు. తన పాంట్లు రెండేళ్లుగా కుడుతున్నది ఆ అమ్మాయేనని మొత్తం వాక్యంగా చెప్పి, తన గొంతు తనకే కొత్తగా ఉన్నట్టు చుట్టూ చూశాడు.

ఆదివారం పదింటికి టీచరమ్మ ఆ సందులోకి వెళ్లింది. మెట్ల కింద ఇరుకు కొట్టు, ఒక కుట్టుమిషను, కత్తిరించే బల్ల, గోడకి వేలాడే అరడజను సగం కుట్టిన జాకెట్లు. మిషను ముందు కూర్చున్న మనిషికి ముప్ఫై ఆరేళ్లుంటాయి. బతికే ఉంది. ఆ మాట మనసులో అనుకున్నాకే, దారంతా తాను దేనికి భయపడుతూ వచ్చిందో టీచరమ్మకి తెలిసింది.

ఆ మనిషి గుర్తుపట్టి గబుక్కున లేచి, స్టూలు దులిపి, టీ చెప్పించి నానా హడావిడీ చేసింది. గొంతు బొంగురుగా, బరువుగా ఉంది, రికార్డింగుల్లో గొంతుతో పోలికే లేదు. మీ దయవల్లే టీచర్, కొలతలు ఎప్పుడూ తప్పు పోవు అంది. భర్త లారీ నడుపుతాడని, పిల్లలు లేరని చెప్పింది. టీచరమ్మ ఎలా మొదలుపెట్టాలో తెలియక, నువ్వు తరగతిలో లేచి నిలబడేదానివి, గుర్తుందా అని అడిగింది. ఆ మనిషి నవ్వేసింది. తనెప్పుడూ లేవలేదంది, తనకసలు లెక్కల్లో నోరే పెగిలేది కాదంది. చిన్నబుచ్చుకున్నట్టు కూడా లేదు. నిజంగానే అలా గుర్తు.

తర్వాత గుడ్డ మీద సుద్దతో గీత గీస్తూ, ఏదో తమాషా సంగతి చెప్పినట్టు చెప్పింది.

"మీ గొంతు మాత్రం నాకు రోజూ వినిపిస్తుంది టీచర్. ఇంట్లో గానీ ఇక్కడ గానీ, ఏదన్నా చెప్పబోయేసరికి మీరంటారు, తర్వాత చెబుదువు గాని, కూర్చో అని. అచ్చం పక్కన నిలబడి అన్నట్టే. నేను ఆగిపోతాను. మంచిదేలెండి, గొడవలు రావు."

టీచరమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. ఎప్పుడూ ఆగిపోతావా అని అడిగింది.

"అమ్మని ఆసుపత్రిలో పెట్టినప్పుడు ఆ ఇంజెక్షన్ అమ్మకి పడదని నాకు తెలుసు. నర్సుకి చెప్పబోయాను" అంది. సుద్దగీత చివరిదాకా గీసింది. "అమ్మ పోయి ఏడేళ్లయింది టీచర్."

కత్తెర తీసుకుని గీత వెంట కత్తిరించడం మొదలుపెట్టింది. ఆ మాటలో ఫిర్యాదు లేదు, నింద లేదు. నింద ఉంటే టీచరమ్మ భరించగలిగేది. ఏడ్చేది, కాళ్లు పట్టుకునేది, ఏదో ఒకటి చేసేది. ఇలా నింద లేకుండా చెప్పిన మాటకి ఏం చేయాలో తెలియలేదు. ఇన్నేళ్లూ తాను ఇంట్లో పప్పు తిరగమోత పెడుతూ, పేపరు చదువుతూ, హాయిగా నిద్రపోతూ ఉంటే, ఈ కొట్టులో తన గొంతు తనకి తెలియకుండా ఈ మనిషిని కూర్చోబెడుతూ వచ్చింది. ఎవరు ఎవరిని పట్టుకుని పీడిస్తున్నట్టు?

"ఇప్పుడు ఒకటి అడుగుతాను, చెబుతావా" అంది టీచరమ్మ. "రెండు బేసి సంఖ్యలు కలిపితే సరి సంఖ్యే ఎందుకొస్తుంది?"

ఆ మనిషి నవ్వబోయింది. టీచరమ్మ మొహం చూసి ఆపుకుంది. కత్తెర కింద పెట్టింది.

"నేనేమీ అనను. ఎంతసేపైనా వింటాను. చెప్పు తల్లీ."

టీచరమ్మ మాట జారకుండా కుడిచెయ్యి తన నోటికి అడ్డంగా పెట్టుకుంది. మనసులో సెకన్లు లెక్కపెట్టడం మొదలైంది, ఎనిమిది నెలల అలవాటు. నాలుగు దాటాయి, పది దాటాయి. బయట ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. ఇరవై దాటాయి. అప్పుడు ఆ మనిషి నెమ్మదిగా లేచి నిలబడింది. ముప్ఫై ఆరేళ్ల మనిషి, మిషను ముందు, చేతులు రెండూ పక్కలకి ఆనించుకుని, బడిపిల్ల నిలబడ్డట్టే.

"ఎందుకంటే టీచర్" అంది. గొంతు బొంగురు తగ్గి సన్నబడింది. "ఒక్కోదాంట్లో ఒకటి..."

ఆగింది. తల కొద్దిగా పక్కకి వంచింది, ఎవరో ఏదో అంటే వింటున్నట్టు. టీచరమ్మ నోటి మీద చెయ్యి ఇంకా గట్టిగా నొక్కుకుంది. పెదవికి పన్ను గుచ్చుకుంది. ఊపిరి కూడా వదల్లేదు.

"సరే టీచర్" అంది ఆ మనిషి, ఒద్దికగా. కూర్చుని కత్తెర అందుకుంది.

సోమవారం పొద్దున్న టీచరమ్మ అందరికన్నా ముందు కాలేజీకి వచ్చింది. గదిలో ఒక్కతే కూర్చుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని, మొదటి నుంచి ఒక్కొక్కటే తీసింది. మాట ఉన్న చోట విననిది తాను, లేని చోట విన్నానని సంతకం పెడితే ఆ మనిషికి ఒరిగేదేమిటి. చెప్పనివ్వని మాట చెప్పినట్టు కాగితం మీద అచ్చేస్తే, తాను మళ్లీ ఇంకొకళ్ల వాక్యం పూర్తిచేసినట్టేగా. కొట్టేయడమే న్యాయమని ఆదివారం ఇంటికి నడుస్తూ నిశ్చయించుకుంది. వినబడడం ఆగిపోతే కొట్టేయడం సులువవుతుందని కూడా ఆశపడింది.

ఆగలేదు. ఒక్కోదాంట్లో ఒకటి జత లేకుండా మిగిలిపోతుంది కదా, అంటూనే ఉంది ఆ పిల్ల, ఎప్పటికన్నా స్పష్టంగా, తనని ఎవరో వింటున్నారన్న సంబరంతో. టీచరమ్మ మాట పూర్తయ్యేదాకా విన్నది. తర్వాత ఆ పంక్తి కొట్టేసి, పక్కన "నిశ్శబ్దం, నాలుగు సెకన్లు" అని రాసింది. రెండోది విన్నది, కొట్టేసింది. మధ్యాహ్నం దాటేదాకా నలభై మూడూ అలాగే విని, అలాగే కొట్టేసి, కాగితాలు సర్ది, "నేను విన్నదే రాశాను" అన్న చోట సంతకం పెట్టింది.